పక్క మనిషి కదిలినా తెల్వని పరుపు

మా తమ్ముని గురించి చెప్పుమంటె ముందుగాల ఆని చెయ్యి గురించి చెప్పాలె. ఆని పేరు బాలనర్సింహ, ఇంట్ల నర్సిమ్మ అంటం. మన్నెగూడ చౌరస్తల పరుపుల దుకాణంల కొలువు. మీరు పరుపు కొననీకె పోయిన్రనుకోన్రి, ఆడు రేటు చెప్పడు, కంపెనీ పేరు చెప్పడు. "చెప్పులిడ్సి పండుకో అన్నా" అంటడు. కారు దిగొచ్చిన పెద్దమనిషైనా సరే, పండుకోవాల్సిందే. వెల్లెలకల పండుకున్నంక నడుము కింది సందుల అరచెయ్యి దూరుస్తడు. ఆడోళ్లైతె ఎంబడి వచ్చినోళ్లతోని పెట్టిస్తడు. చెయ్యి సులువుగ ఇటు దూరి అటెల్లితె ఆ పరుపు నీకు గట్టిది, నడుము గాలిల ఉన్నది. చెయ్యి దూరనే దూరకపోతె మెత్తది, నడుము గుంతల పడ్డది. జర ఒత్తుకుంట, పోన్నా వద్దా అన్నట్టు పోతె అది నీ పరుపు. గంతే ఆని శాస్త్రం.

నేను ఆని అక్కను, సుగుణమ్మను. ఇబ్రహీంపట్నంల బస్టాండు ఎనుక గల్లీల మిషిని పెట్టుకోని జాకెట్లు కుడ్త. మా ఆయన పోయి మస్తు ఏండ్లాయె, నాకు ముందూ ఎనుకా ఈ తమ్ముడొక్కడే. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటరు గదరా, పండుకునే దానికి ఇంత కథ ఎందుకు?" అని ఎక్కిరిస్తుంటి ఆన్ని. ఆడు నవ్వుతుండె. "అది పొద్దంత నాగలి పట్టినోని మాటక్కా. ఇప్పుడు అలిసిపోయి వచ్చేటోళ్లేరి? కూసోని కూసోని నడుములు పోగొట్టుకున్నోళ్లు వస్తున్నరు" అంటుండె. నిజమే. ఔటర్ రింగు రోడ్డు పడ్డంక బొంగులూరు, ఆదిబట్ల దిక్కు ఎన్ని ఇండ్లు లేసినయో, అన్ని ఇండ్లకు మంచాలు, అన్ని మంచాలకు పరుపులు. ఒక్కోనాడు దుకాణంల నిలవడనీకె జాగ ఉండకపొయ్యేది.

ఆ వచ్చేటోళ్లు సగంమంది ఫోన్ల జూసి వచ్చి "హైబ్రిడ్ చూపియ్యి" అనేటోళ్లు. మేము యాచారం దిక్కోళ్లం, పత్తి పండిచ్చినోళ్లం. హైబ్రిడ్ అంటె మాకు ఇత్తనాలే ఎరుక. "పరుపులల్ల హైబ్రిడ్ ఏందిరా, కాయలు కాస్తయా?" అని అడిగిన ఒకనాడు. అప్పుడు ఆడు కోసిన ముక్క ఒకటి తెచ్చి చూపిచ్చిండు. కింద స్ప్రింగులు, మీద నాలుగు వేళ్ల మందం ఫోము. రెండు కలిపిన్రు గాబట్టి హైబ్రిడ్. పాత స్ప్రింగు పరుపుల తీగలన్ని ఒకదానికొకటి ముడేసి ఉంటయి, ఒక్కటి గుంజితె అన్ని గుంజుకుంటయి. దీంట్ల అట్ల కాదు. ఒక్కో స్ప్రింగుకు ఒక్కో బట్ట సంచి కుట్టి, ఎవని ఇంట్ల ఆడు అన్నట్టు పెట్టిండ్రు. కుట్టు మంచిగనే ఉన్నది, నేను లాగి చూసిన.

ఎవలకు నప్పుతది, ఎవలకు నప్పదు అన్నది గుడ దాచకుంట చెప్తడు మావోడు. ఒళ్లు బరువున్నోళ్లకు మంచిది, ఉత్త ఫోముల లెక్క కుంగదు. చెమట పట్టేటోళ్లకు మంచిది, స్ప్రింగుల నడుమ గాలాడుతది. మొగడు తొంబై కిలోలు, పెండ్లాం యాభై కిలోలు ఉంటె ఇంకా మంచిది, ఆమె దొర్లి ఆయన దిక్కు పడదు. మరి బక్కపల్చని మనిషికైతె స్ప్రింగులు దిగక రాయి మీద పండుకున్నట్టు ఉంటది. నులక మంచం, నవారు మంచం మీద ఎయ్యొద్దు, కింద చక్కలుండాలె. మా అసోంటోళ్లు వారం వారం పక్క ఎండకేస్తం గద, ఇది ఎయ్యరాదు, ఇద్దరు మొగోళ్లకు లేవది. తిప్పెయ్యనీకె గుడ లేదు, తల దిక్కు కాళ్ల దిక్కుకు మార్చుడే. "గివన్ని ఇని, అయినా కావాలంటె కొను" అంటడు.

అన్నిటికన్న ఆఖరుకు గిలాస ఆట ఆడేటోడు. నిండ నీళ్లు పోసిన గిలాస తెచ్చి పరుపు ఒక పక్కన పెడ్తడు. రెండో పక్కన తనే ఎక్కి దబీమని కూసుంటడు. గిలాసల నీళ్లు తొణకయి. అప్పుడు అంటడు, "చూసిన్రు గద, పక్క మనిషి కదిలినా మీకు తెల్వది." ఈ మాట రోజుకు పదిసార్లన్న అని ఉంటడు. నాలుగేండ్ల కొలువుల ఎన్నిసార్లని ఉంటడో లెక్క ఎవలకెరుక. ఆ మాటకే మస్తు పరుపులు అమ్ముడువోయినయి. ఆని సేటు పట్టాభిరామయ్య, గుంటూరు దిక్కాయన, "మా నరసింహ గ్లాసు పెట్టాడంటే బేరం అయిపోయినట్టేనండీ" అని అందరికి చెప్పుకునేటోడు.

ఇగ ఆని పెండ్లాం సుక్కమ్మ గురించి చెప్పాలె. చెప్పనీకె నాకు నోరు రాదు, కని చెప్పాలె. మంచిది. నన్ను "వదినా" అని పిలిస్తె పక్కింటోళ్లు గుడ పలికేటంత గట్టిగ పిలిచేది. పిల్లలు కాలె ఆళ్లకు. నలభై దాటంగనే షుగరొచ్చింది. సూదులు పెట్టిన్రు. ఆ సూదులతోని ఒక్కోనాడు రాత్రి షుగరు ఒక్కసారే పడిపోయేది. ముందుగాల చేతి ఏళ్లు వణికేటియి, తర్వాత దవడ, ఎన్క భుజాలు. ఒళ్లంత చెమట. ఆమెకు మాత్రం మెలకువ రాదు, నోట మాట రాదు. అప్పుడు చక్కెర నీళ్లన్న, బెల్లం ముక్కన్న నోట్లె పెట్టకపోతె మనిషి దక్కదని దవాఖానల చెప్పిన్రు.

మా బాపు కాలం నాటి పెద్ద నవారు మంచం ఉండేది ఆళ్లకు. దాని మీద దూది పరుపు. ఆ మంచం మీద ఒకరు దగ్గితె ఇంకొకరు ఎగిరిపడాల్సిందే. సుక్కమ్మ ఏళ్లు వణికితె చాలు, నవారు మీదంగ ఆ వణుకు నర్సిమ్మ ఈపుకు వచ్చేది. లేసేటోడు, నోట్లె బెల్లం పెట్టేటోడు, చెమట తుడిచేటోడు, ఆమె మల్ల పండుకునేదాంక కూసునేటోడు. వారంల రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు. గిట్ల పదకొండేండ్లు. మా నర్సిమ్మ పదకొండేండ్ల సంది ఒక్క నిద్ర నిండ పోలె. దుకాణంల అందరికి నిద్ర అమ్మేటోడు, ఆనికి నిద్ర లేదు.

యాచారం కాడి భూమిని సర్కారు ఫార్మా కంపెనీలకని పైసలిచ్చి తీసుకున్నంక ఆ పైసలతోని బొంగులూరు ఎనుక ప్లాట్లు చేసి అమ్మిన ఒక ఎంచర్ల రెండు అర్రల ఇల్లు కట్టిండ్రు. ఇంటి గడప నేనే తొక్కిచ్చిన. ఆ ఎండకాలం దవాఖానల సూది మార్చిన్రు. దేవుని దయ, నాలుగు నెలలు వణుకే రాలె. నేను బోనం పెట్టిన. ఒకనాడు పొయ్యి చూస్తె నర్సిమ్మ గోడకొరిగి అన్నం ముద్ద చేతుల పట్టుకోనే నిద్రవోతుండు. చేతుల ముద్ద చేతులనే ఉన్నది.

"ఆ కిర్రుకిర్రు మంచం తీసి అవతల పారెయ్యి. కొత్త ఇంట్ల కొత్త పరుపేసుకో. లోకానికంత అమ్ముతవ్, నీకేం పుట్టింది?" అని తగులుకున్న. ఆడు ఒప్పుకోలె. "దీని మీదైతె నాకు తెలుస్తదక్కా" అన్నడు.

"నాలుగు నెలలాయె ఏం తెలిసింది నీకు? మంచం కిర్రుమన్నప్పుడల్ల లేస్తివి, ఆమె బుద్ధిమంతురాలిగ పండుకోనే ఉండె. నిద్రలేక నువ్వు ముందు సస్తవ్. అప్పుడు ఆమెకు బెల్లం ఎవలు పెడ్తరు? నేనా?" అని ఒర్లిన. సుక్కమ్మ గుడ నా దిక్కే మాట్లాడింది. "వదిన చెప్తుంది గద, తెచ్చుకో. బెల్లం డబ్బ నా తలకాడనే పెట్టుకుంట. నువ్వు ఒక్కనాడన్న కడుపునిండ నిద్రపోతె చూడాలని ఉన్నది" అన్నది. ఆ మాటకు ఆడు ఒప్పుకున్నడు. తెల్లారి సేటు తక్కువకే ఇచ్చిండు. చక్కల మంచం, దాని మీద హైబ్రిడ్ పరుపు. నేనే దాని మీద కొత్త దుప్పటి పరిచిన.

ఆరో నాడు పొద్దుగాల ఫోన్ చేసిండు నర్సిమ్మ. నేను మిషిని ముందు కూసున్న, ఎనిమిది కావస్తుంది. "అక్కా! మస్తు నిద్ర పట్టిందక్కా! రాత్రి పండుకున్నోన్ని ఇప్పుడే లేసిన. పెయ్యంత తేలికైంది. చిన్నప్పుడు చేన్ల పండుకున్నట్టుంది" అన్నడు. ఆని గొంతుల అసోంటి సంబురం నేనెన్నడు ఇనలె. "సుక్కమ్మ?" అన్న. "పండుకుంది. పండుకోని, ఎందుకు లేపాలె? చాయ పెడ్తున్న" అన్నడు. నేను నవ్విన. చూసినవా, నా మాటింటె ఎట్లుంటదో అన్న.

పావుగంటకు మల్ల ఫోన్ మోగింది. ఈసారి ఆడు మాట్లాడలె. పక్కింటామె మాట్లాడింది.

నేను పొయ్యేసరికి పొయ్యి మీద చాయ ఇగిరి మాడుతున్నది, ఆర్పేటోళ్లు లేరు. సుక్కమ్మ తన పక్కన తాను గోడ దిక్కు మర్లి ఉన్నది. చెమటకు దిండు తడిసి ఆరిన మరక. ఒక చెయ్యి బెల్లం డబ్బ దిక్కు చాపి ఉన్నది, జానెడు దూరంల ఆగిపోయింది. ఇంకో దిక్కు నర్సిమ్మ పండుకున్న జాగ గుడ జానెడు దూరమే. ఏ తెల్లారుజామునో పోయిందన్నరు. మా తమ్ముడు పీనుగ పక్కన హాయిగ నిద్రపొయ్యి, లేసి, చాయ పెట్టి, నాకు ఫోన్ చేసి నవ్విండు.

మావోళ్లల్ల ఒక పద్ధతున్నది. మనిషి ఏ పక్క మీద పానమిడిస్తె ఆ పక్క పాడె ఎనుకనే ఊరు దాటాలె. చాప గాని, గొంగడి గాని, పరుపు గాని, ఇంట్ల ఉండొద్దు. ఉంటె పోయిన మనిషికి పోబుద్ధి కాదు, పండుకోనీకె మల్ల వస్తదంటరు. నలుగురు మొగోళ్లు పరుపు లేపనీకె వచ్చిన్రు. నర్సిమ్మ పొయ్యి దాని మీద కూసున్నడు. ఎంత చెప్పినా దిగలె. "ఆమెది ఇంకా అయిపోలె" అన్నడు. దుఃఖంల అంటుండులే, దినాల నాటికి తీద్దాం అన్నరు పెద్దలు. దినాలైనయి, మాసికమైంది, పరుపు అట్లనే ఉన్నది. ఇరుగు పొరుగోళ్లు ఆ ఇంట్ల మంచినీళ్లు ముట్టుడు బంద్ చేసిన్రు.

మూడో నెల సేటు నుంచి ఫోనొచ్చింది. "సుగుణమ్మా, మీరొకసారి వచ్చి మీ తమ్ముణ్ణి చూడండమ్మా. నాకు భయంగా ఉంది" అన్నడు. నేను బస్సెక్కి మన్నెగూడ పోయిన. మిట్టమధ్యాన్నం, దుకాణంల ఇద్దరు గిరాకులున్నరు, కొత్తగ పెండ్లైన పిల్లలు. నర్సిమ్మ గిలాస పెట్టిండు. దుకాణంల పిలగాడు అవతలి పక్కన కూసున్నడు. నీళ్లు కదల్లె. ఆ పిల్ల సంబురంగ "అస్సలు కదల్లేదండీ!" అన్నది.

నర్సిమ్మ గిలాస కాడికి వంగిండు. "కదులుతుందమ్మా. మంచిగ చూడు. అగో, ఒడ్డు కాడ వణుకుతుంది" అన్నడు. ఆ పిల్లలిద్దరు వంగి చూసిన్రు. సేటు చూసిండు. నేను చూసిన. నాకేం కనవడలె. "మీ ఇంట్ల ఎవలకన్న రాత్రిపూట పానం బాగుండదా? ఎవలన్న వణుకుతరా? ఉంటె ఇది వద్దమ్మా, దండం పెడ్తా" అని ఆ పిల్ల ముందు చేతులు జోడిచ్చిండు. ఆని కండ్లు గుంతలు పడ్డయి, ముఖం పసుపు పచ్చగున్నది. ఆ పిల్ల మొగని చెయ్యి పట్టుకోని ఎల్లిపోయింది. "నెల రోజుల్నించీ ఇదేనమ్మా. వ్యాపారం సంగతి పక్కన పెట్టండి, మనిషి దక్కడేమో" అన్నడు సేటు.

ఆన్ని తీస్కోని బొంగులూరు పోయిన. మూడు దినాలు ఆడనే ఉన్న. నిద్ర ఎందుకు పోతలేవురా అంటె చెప్పడు. అసలు సంగతి మొదటి రాత్రే తెలిసింది. నేను ముందర్రల పండుకున్న. ఎప్పుడో మెలకువ వస్తె లోపల మాటలు ఇనవడ్డయి. "లేస్తున్న సుక్కా, లేస్తున్న. లేసిన" అంటుండు. తలుపు సందుల నుంచి చూసిన. మంచం పక్కకు కుర్చేసుకోని కూసున్నడు. అరచెయ్యి చాపి సుక్కమ్మ జాగల పరుపు మీద ఆనిచ్చిండు, గిరాకుల నడుము కింద పెట్టినట్టే. రెండో చేతుల బెల్లం ముక్క. ఎవ్వరూ లేని దిండు దిక్కు చూస్తుండు.

నాకు బుగులు పుట్టింది. మెల్లగ ఎనుకకొచ్చి పండుకున్న. పొద్దుగాల దుప్పటి చూస్తె ఆమె జాగల గుంత ఉన్నది. రాత్రంత ఆడు చెయ్యి ఒత్తిపెట్టిండు గద, ఫోము నిదానంగ లేస్తది, గదే గుంత అని నాకు నేను చెప్పుకున్న. చెప్పుకున్న గని అటు దిక్కు పోయినప్పుడల్ల ముఖం తిప్పుకునే పోయిన.

"రోజు వణుకుతదక్కా" అన్నడు ఆనాడు చాయ తాగుకుంట. "తెల్లారుజామున గదే యాళ్లకు. చెయ్యి పెడితె తెలుస్తది. నేను నిద్రపోతె ఎట్ల?"

"పోయినామె ఎట్ల వణుకుతదిరా పిచ్చోడా!"

"ఆనాడు లేవలె గద. అందుకు."

నాకు కోపం, ఏడుపు రెండూ కలిసొచ్చినయి. పదకొండేండ్లు బతికున్నామె కోసం మేల్కున్నడు, ఇప్పుడు పోయినామె కోసం మేల్కోని సస్తుండు. ఇంకో నెల గిట్లనే ఉంటె రెండో పాడె కట్టాల్సిందే, అందుల అనుమానం లేదు. దేవుండ్లకు మొక్కిన, తాయెత్తు కట్టిచ్చిన, ఏదీ పనిచెయ్యలె. మూడో నాడు పొద్దుగాల నాకొక ఉపాయం తట్టింది. నేను కుట్టేదాన్ని. జాకెట్టు పట్టింది పట్టలేదని కొట్లాడితె ఏం చేస్తం? తొడిగి చూపిస్తం.

"లే" అన్న. "నీ దుకాణంల ఏమంటవ్? నోటితోని అడగొద్దు, పండుకోని చూడాలె అంటవ్ గద. పండుకోని చూద్దాం. నువ్వు నీ జాగల పండుకో, నేను సుక్కమ్మ జాగల పండుకుంట. ఆమె వణికినట్టె వణుకుత. నువ్వు కండ్లు మూసుకోని అటు తిరుగు. నీకు తెలుస్తదా తెల్వదా ఇయ్యాల తేలిపోవాలె. తెల్వకపోతె నీ తప్పు లేదు, పరుపు అట్ల చేసిన్రు. పరుపు ఊరు దాటాలె, నువ్వు నిద్రవోవాలె."

"తెలిస్తె?" అన్నడు మెల్లగ.

"ఎట్ల తెలుస్తదిరా? లోకానికంత నువ్వే చెప్తివి, పక్క మనిషి కదిలినా తెల్వదని."

తొమ్మిది గంటల పొద్దు. కిటికీల నుంచి ఎండ పడ్తుంది. అక్కాతమ్ముళ్లం ఇద్దరం ఆ పరుపు మీద ఎక్కినం. ఆడు అటు తిరిగి కండ్లు మూసుకున్నడు. నేను సుక్కమ్మ జాగల ఒరిగిన. దిండుకు ఇంకా ఆమె కొబ్బరినూనె వాసనుంది. ఆమె ఆఖరుకు చూసిన గోడనే నేను చూస్తున్న, గోడకు మేకు ఉన్నది, మేకుకు ఏమీ లేదు. మరదలా, ఏం చేస్తున్ననో నాకే తెల్వదు, తప్పు పట్టుకోకు అనుకున్న.

ముందు ఏళ్లు వణికిచ్చిన. తర్వాత దవడ. భుజాలు. ఆమె ఎట్ల వణికేదో నేను మస్తుసార్లు చూసిన, మర్చిపోయేది కాదు. కాళ్లు గుడ వణికిచ్చిన. జరసేపటికి వణికిచ్చుడు నా చేతుల లేకపాయె, అదే వణికింది ఒళ్లు. ఎట్లనో ఆపుకోని అట్లనే పండుకున్న. ఆని దిక్కు నుంచి సప్పుడు లేదు. హమ్మయ్య, తెల్వలె అనుకున్న.

"తెలిసిందక్కా" అన్నడు.

నేను మర్లి చూసిన. కండ్లు మూసుకోనే ఉన్నడు, కన్నీళ్లు చెవులకు కారుతున్నయి.

"ఆనాడు గుడ తెలిసింది" అన్నడు. "గింతే. సన్నగ, దూరంకెల్లి వచ్చినట్టు. సగం మెలకువొచ్చింది. లేవాలె అనుకున్న. మల్ల అనుకున్న, ఇది నవారు మంచం కాదు గద, దీంట్ల రాదు గద. ఇది హైబ్రిడు. పక్క మనిషి కదిలినా తెల్వది. నాకు తెల్వదా, రోజు చెప్పేటోన్నే నేను? వస్తుందంటె కల అయి ఉంటది అనుకున్న. పదకొండేండ్ల సంది కలల గుడ వణుకే గద నాకు. గట్లనుకోని అటు మర్లి పండుకున్న. ఆ తర్వాతనే అక్కా, ఆ మంచి నిద్ర పట్టింది. నీకు ఫోన్ల చెప్పిన నిద్ర."

ఈ మాట ఆడు మూడు నెలలు లోపల పెట్టుకున్నడు. ఈపు చెప్పింది ఇనలె, నోరు చెప్పింది ఇన్నడు. నోరు చెప్పింది పైసకు చెప్పేది. కని ఆ పరుపు ఎవలు తెప్పిచ్చిన్రు? ఒద్దంటుంటె మీదవడి ఎవలు ఒప్పిచ్చిన్రు? నేనే. నా కండ్ల ముందు మా తమ్ముడు ఏడుస్తుండు. నేను అవ్ అన్ననా, ఆడు ఇగ ఈ లోకంల ఉండడు. అది నాకు ఆ మేకు కనవడ్డంత సాఫ్‌గ కనవడ్డది.

లేసి కూసున్న. "ఏం తెలిసిందిరా నీకు?" అన్న. "నేను ఇంకా కదల్నే లేదు."

కండ్లు తెరిచిండు.

"నడుము పట్టేసింది, గోడ చూస్కుంట పండుకున్న. ఇగ మొదలు పెడదాం అనుకునేసరికి నువ్వు తెలిసింది అంటివి. ఏం తెలిసింది? ఎవలు కదిలిన్రు?" అని కోపం తెచ్చుకోని ఒర్లిన. "నీకు గట్ల అనిపిస్తుందిరా, గంతే. లేనిది ఉన్నట్టు. ఆనాడు గుడ ఏం రాలె నీకు. సుక్కమ్మ పోయినంక నువ్వు కల్పిచ్చుకున్నవ్ గదంత."

"నిజంగ కదల్లేదా?"

"కదల్లె."

"ఒట్టెయ్యి."

"నా కండ్ల మీద ఒట్టు" అన్న. సూదిల దారం ఎక్కిచ్చుకోని బతికేదాన్ని నేను. ఆ సంగతి ఆనికి ఎరుకనే. నా ముఖం దిక్కు శానసేపు చూసిండు. తర్వాత ఆని ముఖం మెల్లగ వదులైంది, ముడి ఇప్పినట్టు. "అయితె రాలె" అన్నడు. "రాలేదురా తమ్మీ" అన్న. అట్లనే, ఆ ఎండల, బట్టలు మార్చకుంట, ముద్ద తినకుంట నిద్రపోయిండు. ఆ పొద్దు పోయింది, రాత్రి పోయింది, తెల్లారి పది గంటలకు లేసిండు. అప్పటిదాంక నేను ఆని కాళ్లకాడ కూసున్న.

లేసినంక తనే పొయ్యి నలుగురిని పిలుచుకొచ్చిండు. పరుపు మోసుకపొయ్యి ఊరు దాటిచ్చి కాలవెట్టిండ్రు. ఫోము జల్ది కాలింది, స్ప్రింగులు ఎర్రగై, నల్లగై అట్లనే మిగిలినయి. ఇప్పుడు ఆడు చాప మీద పండుకుంటడు, గుర్రు కొట్టుకుంట పండుకుంటడు. కొలువుకు పోతుండు. హైబ్రిడ్ పరుపులు అమ్ముతుండు, ఇంట్ల పానం బాగలేనోళ్లుంటె వద్దంటడు, లేకపోతె గిలాస పెడ్తడు. సేటు నాకు ఫోన్ చేసి "మీరేం మందు వేశారో గాని బతికించారమ్మా" అన్నడు. అప్పుడప్పుడు అన్నం తినుకుంట నర్సిమ్మ నన్ను అడుగుతడు, "నిజంగనే కదల్లేదు గదక్కా ఆనాడు?" అని. "లేదురా" అంట. తలవంచుకోని తింటడు.

ఇగ నా సంగతి. ఇబ్రహీంపట్నంల నాది ఒంటి మంచం. పక్కన ఎవ్వరూ లేరు, ఉండి ఏండ్లాయె. తెల్లారుజామున అది వణుకుతది. ముందుగాల సన్నగ, తర్వాత గట్టిగ. రోడ్డు మీద లారీలు పోతున్నయేమో అని లేసి కిటికీ తీస్త, ఏ లారీ ఉండదు. మల్ల వచ్చి పండుకుంట. భయపడ్డదాన్నే, ఇప్పుడు భయపడ్తలేను. ఎవలో నాకు తెలుసు. సుక్కమ్మా, నీ మొగనికి తెలిసింది. తెలిసి లేవలె. అది ఆనికి తెల్వకుంట చేసింది నేనే, ఆ పరుపు తెప్పిచ్చింది గుడ నేనే. ఆన్ని నిద్రపోనియ్యి. అడిగేదుంటె నా కాడికే రా, నన్నే అడుగు.